ఆక్లాండ్ నుంచి బందరు ఎంత దూరం

మా సోషల్ మాస్టారు పోయినవారం ప్రభువునందు నిద్రించారు. కబురు తెలిసి నేను వెళ్లేసరికి వాకిట్లో కుర్చీలు వేస్తున్నారు. వచ్చినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: "అమ్మాయి ఎప్పటికి దిగుతుందండీ?" ఆయనకు ఒక్కతే కూతురు, ఆక్లాండులో నర్సు. ఇలాంటి ప్రశ్నకు బందరులో మా పేట మొత్తానికీ జవాబు చెప్పే మనిషి ఒక్కరే. ఆయనేమో లోపల ఫ్రీజరు పెట్టెలో పడుకుని ఉన్నారు.

ఎనిమిదో తరగతిలో మాకు విమానాల దూరాలు దారంతో నేర్పారాయన. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి లాగేవారు. గోడపటం మీద స్కేలుతో గీసిన గీత ఒక దారి, ఈ దారం వెళ్లేది ఇంకో దారి. "గోడపటం బల్లపరుపు, భూమి కాదు. దారం మాట నమ్మండి," అనేవారు. ఆ దారాన్ని కొలిచి, కిలోమీటర్లు కట్టి, విమానం వేగంతో భాగించాలి. ఆఖర్న రెండు ఊళ్ల గడియారాల తేడా సరిచెయ్యాలి. నేను సరిగ్గా అక్కడే బోల్తా పడేదాన్ని. కూడాల్సిన చోట తీసేసేదాన్ని. "నీ విమానం బయల్దేరకముందే దిగిపోయింది గదే అమ్మాయ్," అని నవ్వేవారు. ఆయన ఎవర్నీ కొట్టగా నేను చూడలేదు.

రిటైరయ్యాక ఆ లెక్క చావు ఇళ్లకు అక్కరకొచ్చింది. కృత్తివెన్నులో ఆయన చుట్టం, రొయ్యల చెరువుల రైతు, పోయినప్పుడు మస్కట్ నుంచి తమ్ముడు రావాలి. సాయంత్రానికే చేరతాడని నా ఫోను చెప్పింది. మాస్టారు మాత్రం మర్నాడు పొద్దున్న అన్నారు.

"ఫోను విమానం సంగతి చెప్పుద్దమ్మా. కబురు విన్నోడు కూలబడతాడు గదా. లేచి నిలబడ్డానికి పట్టే టైము ఎవరు చెప్తారు? అదీ ప్రయాణమే."

తమ్ముడు పొద్దున్నే వచ్చాడు. లేచి నిలబడే ఆ టైము ఆయన ప్రతి లెక్కలోనూ కలిపేవారట. క్లాసులో మాత్రం మాకెప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు మాస్టారి భూస్థాపన ఎన్నింటికో సంఘానికి తెలియజేయాలన్నారు పాస్టరుగారు. మాస్టారి బావమరిది ఫోను చూసి, రేపు మధ్యాహ్నానికి పెట్టేద్దామన్నారు. "వద్దండీ, రేపు పొద్దుగూకే ముందు పెట్టండి," అన్నాను. మధ్యలో నువ్వెవరన్నట్టు చూశారాయన.

"ఆ పిల్ల చెప్పినట్టు చెయ్యి తమ్ముడూ. ఆయన దగ్గరే నేర్చుకుంది," అన్నారు లోపల్నుంచి మాస్టారి భార్య.

ఆ మాటతో నాకు ఏడుపు ఆగలేదు. నా లెక్క తప్పితే ఆ కూతురికి తండ్రి ముఖం దక్కదు. మర్నాడంతా ఎక్కడ కూడానో, ఎక్కడ తీసేశానో వేళ్ల మీద చూసుకుంటూనే ఉన్నాను. మధ్యాహ్నం దాటింది, ఎండ వాలింది, ఆమె రాలేదు. బావమరిదిగారు నావైపు చూడటం కూడా మానేశారు.

పాస్టరుగారు బైబిలు చేతిలోకి తీసుకున్నాక గన్నవరం ఎయిర్‌పోర్టు నుంచి కారొచ్చింది. కూతురు కబురు విని లేవలేక మొదటి విమానం పోగొట్టుకుందట. చెప్పులు విడవడం కూడా మర్చిపోయి లోపలికొచ్చి పెట్టె పక్కన కూర్చుంది. పెట్టె గాజు మూతకు పట్టిన చెమ్మను చున్నీతో తుడిచింది. మళ్లీ పట్టింది. మళ్లీ తుడిచింది. అప్పుడు తలెత్తి తల్లిని అడిగింది:

"నేను బయల్దేరానని నాన్నకి చెప్పారా?"

ఆమె మళ్లీ గాజు తుడవడం మొదలుపెట్టింది.