గంజి మేస్త్రీ షౌకత్ చేసిన తప్పు

మా సిరిసిల్లలో సైజింగ్ మేస్త్రీలకు కొదవ లేదు. పడుగు దారాన్ని గంజిలో ముంచి, ఆరబెట్టి, మగ్గానికి తయారు చేయడం వాళ్ల పని. వాళ్లందరిలో షౌకత్‌కే ఒక వింత అలవాటు ఉండేది. గంజి పట్టిన పోగులు నాలుగు తెంపి, గ్లాసెడు వేడినీళ్లలో వేసి, కాసేపాగి వేళ్లతో నలిపి చూసేవాడు. ఎందుకని అడిగితే నవ్వి ఊరుకునేవాడు. నేను ముప్పై ఏళ్లు బడిలో సైన్సు చెప్పినవాణ్ణి, పైగా పక్కింటివాణ్ణి. జవాబు దొరకని ప్రశ్న ఉంటే నాకు అన్నం సహించదు. ఆ నవ్వు చూస్తే ఒళ్లు మండేది.

రెండువేల పదకొండులో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. మేమంతా రోడ్డు మీదే వంటావార్పు చేస్తున్న రోజులు. కరెంటు కోతలకు సైజింగ్ ఆగిపోయి షౌకత్ ఇంటిపట్టున ఉన్నాడు. ఆ వారమే ఆయన బిడ్డ లుబ్నా హైదరాబాదు నుంచి వచ్చింది. బస్సులు లేవు కదా, సిద్దిపేట దాకా ఎవరి కారులోనో వచ్చి, ముస్తాబాద్ మీదుగా రెండు ఆటోలు మారిందట. పదో తరగతి దాకా నా దగ్గర చదివిన పిల్ల. జగిత్యాలలో డిగ్రీ అయ్యాక హైదరాబాదులో పీజీ చేసి, అక్కడే పరిశోధనలో చేరింది. ముఖం చూస్తే మూడు రోజులుగా తిండి లేనట్టు ఉంది.

వాళ్లింట్లో ఉర్దూ మాట్లాడుకుంటారు. నేను వెళ్లి కూర్చుంటే నా కోసం తెలుగులోకి దిగుతారు. ఏం పరిశోధనో చెప్పమన్నాను. ఓపికగా చెప్పింది. కొన్ని జబ్బులకు మూలం జన్యువులోనే ఉంటుంది. అలాంటి జబ్బుకు సరైన జన్యువునే మందుగా కణంలోకి పంపాలి. వట్టిగా పంపితే దారిలోనే చిరిగిపోతుంది, కణం లోపలికి రానివ్వదు. అందుకని పాలిమర్ అనే పొడుగాటి అణువుల గొలుసుతో దాన్ని చుట్టి ఉండలు చేస్తుంది. ఒక్కో ఉండ వెంట్రుక మందంలో వెయ్యో వంతు. ముందు పరీక్షగా, ఆకుపచ్చగా వెలిగించే జన్యువును అందులో పెట్టింది. మందు పనిచేస్తే కణాలు వెలగాలి.

వెలగలేదు. ఉండలు కణంలోకి పోతున్నాయి, అది మైక్రోస్కోపులో చూసింది. అయినా చీకటే. చుట్టడం సరిపోలేదేమోనని ఇంకా బిగించింది, మళ్లీ బిగించింది. సంక్రాంతి లోపు వెలగకపోతే ఆ అంశం వదిలేయమని, పరిశోధనను సమీక్షించే కమిటీ చెప్పేసింది. మూడేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

షౌకత్ అప్పటిదాకా గోడకానుకుని వింటున్నాడు. మెల్లగా అడిగాడు.

"లోపటికి పోయినంక దాన్ని విప్పేదెవరు బిడ్డా?"

విప్పుకోవడం గురించి పుస్తకాల్లో లేకపోలేదు, లుబ్నా చదవకా పోలేదు. కానీ మూడేళ్లూ ఆమె కళ్లు చుట్టడం మీదే ఉన్నాయి. చదువుకున్నవాళ్లకు ఈ జబ్బు ఉంటుంది, నాతో సహా.

అప్పుడు షౌకత్ తల వంచుకుని పాత సంగతి చెప్పాడు. లుబ్నా పుట్టకముందు ఆయన ఒక కార్ఖానాలో కొత్త మేస్త్రీ. దారాలు తెగుతున్నాయని మగ్గాల వాళ్లు తిడితే రోషం వచ్చింది. ఎవరికీ చెప్పకుండా గంజిలో జిగురు ఎక్కువ కలిపాడు. ఒక్క పోగు తెగలేదు. మగ్గాల వాళ్లు పిలిచి మరీ చాయ్ తాగించారు. పది రోజులకు గుడ్డంతా రంగుల కార్ఖానా నుంచి తిరిగొచ్చింది. గంజి ఎంత ఉడకబెట్టినా వదల్లేదు, వదలని చోటల్లా రంగు ఎక్కలేదు. సేఠ్ అందరి ముందూ మేస్త్రీ పని తీసేసి, రెండేళ్లు కూలీలా కండెలకు దారం చుట్టించాడు. గంజి ఉడికించే బాయిలర్ పొగ పడక మానేశానని ఇంట్లో చెప్పాడు. భార్య మున్నీ అదే నిజమనుకుంది. వేడినీళ్ల గ్లాసు సంగతి నాకు ఆ రోజు అర్థమైంది. ఇన్నేళ్లు ఆయన మీద విసుక్కున్నందుకు సిగ్గేసింది.

"మగ్గం దాకా పట్టుకోవాలె, నీళ్లల్ల వదలాలె. రెండూ చెయ్యకుంటే గది గంజే కాదు" అన్నాడు షౌకత్. ఈ ముచ్చట బయట ఎక్కడా అనొద్దని మా ఇద్దరి దగ్గరా మాట తీసుకున్నాడు.

సమ్మె ముగిశాక లుబ్నా వెళ్లిపోయింది. మళ్లీ జనవరిలో వచ్చింది. ఈసారి పాలిమర్ గొలుసులో అక్కడక్కడా కొన్ని ముడులు పెట్టిందట. బయట గట్టిగా ఉంటాయి, కణం లోపలి రసాయనం తగలగానే తెగిపోతాయి. వందకు ముప్పై కణాలు వెలిగాయి. అంశం కొనసాగించమని కమిటీ ఒప్పుకుంది. చెబుతూ చెబుతూ ఆగి, తండ్రి వైపు భయంగా చూసింది. ఈ ఆలోచన ఎలా వచ్చిందని కమిటీ వాళ్లు అడిగారట. మాట తప్పి, గంజి సంగతి మొత్తం చెప్పేసిందట.

షౌకత్ ముఖం నల్లబడింది. మున్నీ వంటింట్లోంచి వింటూనే ఉంది.

"నా పేరు గూడ చెప్పినవా?"

"చెప్పిన అబ్బాజాన్. గాళ్లు రాసుకున్నరు."

షౌకత్ ఒకసారి వంటింటి వైపు చూశాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"గట్లయితే కిలో గంజికి పావుకిలో జిగురు ఎక్కువేసిననని గూడ చెప్పాలె బిడ్డా. అందాజ మీద రాసుకుంటే గాళ్లకేం సమజైతది?"