మార్కులు లేని ప్రశ్న

కల్వకుర్తి నుంచి నల్గొండ వెళ్లే బస్సులో నా పక్కన నడివయసు దాటిన ఒకామె కూర్చుంది. ఇళ్లలో రోగులను చూసుకునే పని కోసం ఫోన్లో కోర్సు నేర్చుకుంటోంది. పాఠం చివర ఒక ప్రశ్న వచ్చింది: 'రోగి అన్నం వద్దంటే మొదట ఏం చేయాలి?' దాని కింద, 'దీనికి మార్కులు లేవు. మీకు మీరే సరిచూసుకోండి' అని ఉంది.

ఆమె 'బతిమాలి తినిపించాలి' అన్న జవాబు నొక్కింది. ఎర్రగా తప్పు గుర్తు పడింది. మళ్లీ అదే నొక్కింది.

"మూడోది నొక్కండమ్మా. ఎందుకు వద్దంటున్నారో అడగాలట," అన్నాను.

పక్కవాళ్లకు పలక కనబడకుండా దాచుకునే బడిపిల్లలా, ఆమె ఫోన్‌కు అరచేయి అడ్డం పెట్టింది.

"మా ఆయనకు ఆఖరు దినందాక గట్లనే తినిపించిన బిడ్డా. ఎందుకొద్దో ఒక్కనాడు అడగలే."

"పోనీండి, దీనికి మార్కులు లేవు కదా."

"ఉంటే మంచిగుండు. పోతే మార్కులే పోయినయనుకుందు."

దేవరకొండలో దిగేదాకా ఆమె ఆ చేయి తీయలేదు.

ఇప్పటికీ మా ఇంట్లో ఎవరైనా కంచం పక్కకు జరిపితే, బతిమాలబోయి ఆగిపోతాను.