ఒక మనిషికి ఒక్క హాజరు

విశ్వవిద్యాలయ పెద్దలకు, రిజిస్టర్లు మోసిన అటెండర్లకు, క్లాసు కిటికీలోంచి అంతా చూసిన బంగాళాఖాతానికి ముందుగా నా క్షమాపణలు. హాజరు చాలక ఏడాది పోగొట్టుకున్నవాడు ఈ నాలుగు ముక్కలూ రాయడం ఘోరమే. రాయకుండా ఉండే ఓపిక కూడా లేక రాస్తున్నాను. మా ఎకనామిక్స్ మాస్టారు మొన్న మంగళవారం తగరపువలసలో, తన ఇంట్లో పోయారు.

ఎమ్మేలో నాది ముప్పై ఎనిమిదో నంబరు. ముప్పై ఏడు ఆనందపురం రైతుబిడ్డ. కంచరపాలెంలో ఇద్దరిదీ ఒకే గది. వాళ్ల నాన్న మంచాన పడ్డాక పగలు పోర్టులో మూటలు మోసేవాడు. డెబ్బై అయిదు శాతం హాజరు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. "బావా, నాను రేవుకెళ్తన్నాను. నా నంబరు కూడా నువ్వే పలికీ," అన్నాడు. పలికాను. అతని వంతుకు బొంగురు గొంతు, నా వంతుకు నా గొంతు.

ఒకరోజు జలుబు చేసి రెండు గొంతులూ ఒకటైపోయాయి. మాస్టారు తలెత్తకుండానే, "ముప్పై ఏడుకి కూడా జలుబు సేసిందేటి నాయనా?" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆయన టిక్కు పెట్టి పాఠంలోకి వెళ్లిపోయారు. గండం గడిచిందనుకున్నాను.

ఏడాది చివర నోటీసు బోర్డు మీద చూస్తే ముప్పై ఏడుకు హాజరు నిండింది. నాకే చాలలేదు. పరుగున వెళ్లి, రోజూ వచ్చానని మొత్తుకున్నాను.

"వచ్చింది ఒక్క మనిషి. ముందు ఆడి నంబరు పలికావు, ఆడికేసీసాను. నీకెక్కడి నుంచి తెచ్చీది? ఆడు మూటలు మోత్తన్నాడని నాకు తెలుసు. నువ్వు ఖాళీయే కదా, ఇంకో ఏడు కూకో."

కూర్చున్నాను. అప్పుడుగానీ తెలియలేదు, అంతకుముందు ఏడాది నేను పలకడానికే వెళ్లానని, వినడానికి కాదని. ఆయన నోట్సు తెచ్చేవారు కాదు. మా మొహాలు చూస్తూ చెప్పేవారు. ఎవరి కనుబొమ్మలు ముడిపడినా ఆగి, అదే సంగతిని చేపల బజారులోకి దించి మళ్లీ మొదలుపెట్టేవారు. నోట్సు ఎవరి దగ్గరైనా దొరుకుతుంది కదా, క్లాసుకు రావడం దేనికని ఒకసారి అడిగాను.

"నువ్వు బుర్ర గోక్కుంటేనే కదా, నాను సెప్పింది సరిగా లేదని నాకు తెలిసీది," అన్నారు.

ఇప్పుడు రోజూ స్టీల్‌ప్లాంటు బస్సెక్కి ఆఫీసుకు వెళ్తున్నాను, వస్తున్నాను. అక్కడ నా మొహం చూసి చెప్పే తీరు మార్చుకునేవాళ్లు ఎవరూ లేరు.

గొంతు మార్చినందుకు నాకు పశ్చాత్తాపం లేదు. దానికి శిక్ష అయిపోయింది. ఎవరూ శిక్షించని పని ఒకటి చేశాను. నేను మళ్లీ కూర్చున్న ఆ ఏడాదే, ఆయన రిటైరవడానికి నాలుగు రోజుల ముందు, జల్లు పడుతున్న పొద్దున, వరండాలోకి వచ్చి చూస్తే క్లాసులో ఒక్కరూ లేరు. మాస్టారు అప్పుడే బోర్డు మీద ఆనాటి పాఠం పేరు రాస్తున్నారు. అప్పటికి నాకు హాజరు నిండిపోయింది. చప్పుడు చేయకుండా మెట్లు దిగాను. అలాగని ఎక్కడికీ పోలేదు. సరుగుడు చెట్టు కింద తడుస్తూ, గంట కొట్టేదాకా కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాను. లోపల ఆయన కుర్చీని కాస్త తలుపు వైపు తిప్పుకుని, చాక్‌పీసు చేతిలోనే ఉంచుకుని కూర్చున్నారు.