బాబాయి కలిపిన సముద్రం

మా పక్కింటి బాబాయి ఇక లేడు. పోయిన నెల ఒక పొద్దున ఇంటి ముందు గదిలోని ఎరువుల దుకాణం షట్టర్ ఎత్తుతూ కూలబడ్డాడు. మిషను మీద జాకెట్టు కుడుతున్న నేను పిన్ని కేక విని పరుగెత్తేసరికే అంతా అయిపోయింది. మార్కాపురంలో ఎరువుల దుకాణాలకు కొదవ లేదు. దుకాణంలో సముద్రం పెట్టుకున్న మనిషి మాత్రం ఆయనొక్కడే. అందుకే ఈ నాలుగు మాటలు.

సముద్రమంటే ఒక గాజుతొట్టి. బస్తాల వరుసకు ఎదురుగా, గల్లాపెట్టె పక్కన ఉంటుంది. అందులో నారింజరంగు ఒంటి మీద తెల్లపట్టీలున్న రెండు చేపలు. అవి మంచినీళ్ళలో బతకవు. మా ఊరి నుంచి సముద్రం చూడాలంటే బస్సులో సగం రోజు పోవాలి. తాగేనీళ్ళకే ట్యాంకరు కోసం వీధిలో బిందెలు పెట్టుకు కూర్చునే మా మధ్య, బాబాయి సముద్రపు నీళ్ళు ఇంట్లోనే తయారుచేసేవాడు.

మద్రాసులో ఏదో పెళ్ళికి పోయి, అక్కడొక దుకాణంలో ఆ చేపలను చూసి మనసు పారేసుకున్నాడు. మొదటిసారి తెచ్చినప్పుడు ఆయన లెక్క ఆయనది. "మన బోరు నీళ్ళు ఎట్లాగూ ఉప్పగానే ఉంటాయి గదమ్మా, సగం సముద్రం దేవుడే ఇచ్చినాడు. మిగతా సగం మనం కలిపితే సరి" అని బోరు నీళ్ళలో వంటింటి ఉప్పు కుమ్మరించాడు. తెల్లారేసరికి చేపలు తేలాయి. ఆ రోజంతా ఆయన అన్నం ముట్టలేదు. పిన్ని గోడ దగ్గరికొచ్చి, "నేను జరమొచ్చి పడుకున్నా ఇంత దిగులు పడలేదు సూడు" అంది. నవ్వుతూనే అంది కానీ, ఆమె కూడా తినలేదని నాకు తెలుసు.

మళ్ళీ చేపలు తెచ్చేలోపు ఆయన అడగని మనిషి లేడు, చూడని వీడియో లేదు. శుద్ధి చేసిన క్యాన్ల నీళ్ళు డ్రమ్ములో పోసి, అయోడిన్ లేని ఉప్పు వేసి, పీవీసీ పైపుతో తిప్పేవాడు. తర్వాత మెగ్నీషియం. దుకాణంలో మిరపతోటలకు అమ్మేది కాదు, గుంటూరు నుంచి తెప్పించిన శుద్ధమైనది. కాల్షియం వేరే గిన్నెలో, వంటసోడా ఇంకో గిన్నెలో కరిగించి, ఒకటి బాగా కలిసిపోయాకే రెండోది పోయాలి. రెండూ ఒక్కసారే పోస్తే నీళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లబడతాయి. "ఇద్దరూ వియ్యపురాళ్ళమ్మా, ఒకేసారి గడప దాటిస్తే గొడవే" అనేవాడు. ఆ పైన గాలిమోటారు పెట్టి ఒక రోజు వదిలేసేవాడు. నీళ్ళు తేరుకోవాలట. మర్నాడు గాజుబుడ్డి తేలేసి ఉప్పదనం కొలిచేవాడు. కొలత సరిపోయాక కూడా ఒక చుక్క నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకునేవాడు. అది కొలత కాదు, మురిపెం.

ఒకసారి పుల్లలచెరువు నుంచి ఒక రైతు మండిపడుతూ వచ్చాడు. కొట్టిన మందు పని చేయలేదు, తోట ఎండిపోతోంది. బాబాయి స్టూలు జరిపి, "కూర్చో మామా. ముందు వాటిని సూడు, ఆనక నన్ను తిట్టు" అన్నాడు. ఆ మనిషి చాలాసేపు తొట్టి వైపే చూశాడు. "ఈటికి నీళ్ళు యాడియి?" అని అడిగాడు.

"నేనే కలుపుతా."

"అట్లయితే మా ఊరి నీళ్ళు గూడా నువ్వే కలపగూడదా?"

దుకాణంలో ఉన్న మేమందరం నవ్వాం. బాబాయి నవ్వలేదు. షట్టర్ దించి, ఆ రైతు బండి ఎక్కి తోట చూడటానికి పోయాడు. ఆయన అంటే నాకు గౌరవం కలిగింది చేపల వల్ల కాదు, ఆ రోజు వల్ల.

మా వైపు శవం లేచాక ఇంట్లో నిలవున్న నీళ్ళన్నీ పారబోసి, ఇల్లు కడుగుతారు. బాబాయిని తీసుకుపోగానే వెలిగండ్ల నుంచి వచ్చిన ఆయన అక్క ఆ పనికి నడుం కట్టింది. బిందెలు, కుండలు వంచింది. వెనక గదిలో నీలం డ్రమ్ము కూడా ఈడ్చి పెరట్లో దొర్లించింది. ముందురోజు బాబాయి కలిపి పెట్టిన నీళ్ళవి. నేను నోరు తెరిచేలోపే ఒక్క చుక్క మిగల్లేదు. ఆ తర్వాత ఆమె బకెట్టు పట్టుకుని తొట్టి దగ్గరికి నడిచింది.

మూల కూర్చున్న పిన్ని లేచింది. "వదినా, దాని జోలికి పోవద్దు."

"నీళ్ళు గదమ్మా, మైల పట్టింటాయి."

"సముద్రానికి మైలేంది వదినా?"

ఆమె బకెట్టు కింద పెట్టి, పిన్నిని పట్టుకుని ఏడ్చింది.

తొట్టి నిలిచింది కానీ, అందులో నీళ్ళు మార్చే వేళ దాటిపోతోంది. చేపలు అడుగున రాయి పక్కన కదలకుండా ఉన్నాయి. ఆయన పోయిన వెంటనే అవీ పోతే పిన్ని ఏమైపోతుందోనని నాకు భయం వేసింది. ఇద్దరం డ్రమ్ము కడిగాం. ఇన్నేళ్ళూ ఈ పనిని తిడుతూనే, పిన్ని అంతా చూసి పెట్టుకుంది. ఆమె చెబుతుంటే నేను తిప్పాను. కాల్షియం ఇంకా కలవకముందే సోడా గిన్నె అందుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "వియ్యపురాళ్ళు" అంది. మర్నాడు బుడ్డి తేలేసి చూశాక, ఒక చుక్క నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకుంది. "ఇదే" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

చేపలు బతికాయి. ఇప్పుడు పిన్ని షట్టర్ ఎత్తితే చాలు, అద్దం దగ్గరికి వస్తాయి.

పెరట్లో ఆ రోజు డ్రమ్ము నీళ్ళు పారిన చోట, ఎండకు తెల్లగా ఉప్పు తేలింది. వెనక గది గడప నుంచి వంకరలు పోతూ వీధి గేటు దాకా ఒక దారి. పిన్ని అక్కడ చీపురు పెట్టనివ్వదు. మాకింకా వాన పడలేదు.