లాగ్‌లో కనబడ్డ విశేషం

నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కంప్యూటర్ లాగ్ ఒకటి చదివి, మా అత్తగారిని నేలకొండపల్లి నుంచి టేకులపల్లి దాకా ఉరికించిన మహానుభావుణ్ని నేనే.

అప్పటికి పెళ్లయి ఏడాది. నా భార్య సుజాతకు టేకులపల్లి అవతల అడవిలో బడి. నాకు హైదరాబాద్‌లో సర్వర్లు చూసుకునే ఉద్యోగం. ఆమె అద్దెకున్న ఇంటి పెరట్లో జామకాయల మీద పడే కోతుల్ని హైదరాబాద్ గదిలోంచే చూద్దామని ఆ ఇంట్లో చిన్న కంప్యూటర్‌కు కెమెరా తగిలించాను. కోతులు దొరకలేదు గానీ, సుజాత ఇంటికి రాగానే ఆమె ఫోన్ వైఫైలో కలిసిందని, కంప్యూటర్ తనంతట తానే టైముతో సహా రాసుకునే చిట్టాలో, అదే లాగ్‌లో, ఒక లైను పడేది. రోజూ డ్యూటీ దిగి గదికొచ్చి, నల్లతెర తెరిచి, కమాండ్ కొట్టి ఆ లైను చూస్తే తప్ప నాకు అన్నం సయించేది కాదు. ఫోన్లో "తిన్నవా", "తిన్న" అన్నాక మాటలు అయిపోయేవి. ఈ లైను మాత్రం ఆమె తాళం తీసిన చప్పుడులా ఉండేది. పిచ్చి అంటారా? మీరూ ఒంటరిగా ఒక గదిలో ఉండి చూడండి.

ఒకరోజు లైను పక్కనున్న టైము మీద చూపు పడింది. పదకొండున్నర! వెనక్కి వెళ్లి చూస్తే వారమంతా అంతే. బడి వదిలేది సాయంత్రం కదా? వెంటనే ఫోన్ చేశాను.

"ఒంట్లో ఎట్లుంది?"

"మంచిగనే ఉంది. ఏమైంది?"

"బడికి పోతున్నవా?"

"పోకుంటే జీతం ఊకెనే ఇస్తరా?"

దాస్తోంది! అత్తమ్మకు ఫోన్ కొట్టాను.

"అత్తమ్మా, సుజాత రోజూ బడి ఇడిసిపెట్టి నడిమిట్లనే ఇంటికొస్తుంది. లాగ్‌ల చూసిన."

"లాగుల జూసినవా? ఎవరి లాగు బిడ్డా?"

"తొడుక్కునే లాగు కాదు! కంప్యూటర్ రాసిపెడ్తది, వచ్చిన టైము."

"అవ్? కళ్లు తిరుగుతున్నయేమో పిల్లకు! బిడ్డా, ఇది విశేషమే!"

విశేషం! ఆ మాట విన్నాక నా బుర్ర పనిచేస్తే ఒట్టు. లీవు దొరకదని నెలల తరబడి సణిగే నేను, మేనేజర్ ముఖం కూడా చూడకుండా సెలవు పెట్టి, సంచెడు దానిమ్మపళ్లతో బస్సెక్కాను. దారి పొడవునా ఆడపిల్లకో పేరు, మగపిల్లాడికో పేరు అనుకుంటూనే ఉన్నాను.

మర్నాడు పదకొండున్నరకు అత్తమ్మా నేనూ ఇంటి ముందు వాలాం. తాళం. మధ్యాహ్నం దాటింది, తాళం. అత్తమ్మ కూతురి కోసం తెచ్చిన నువ్వుల ముద్దలు సగం నేనే తినేశాను. సాయంత్రం ఐదింటికి షేర్ ఆటో దిగింది సుజాత.

"ఏంది, ఇద్దరూ గిట్ల గడపల కూసున్నరు?"

నేను ల్యాప్‌టాప్ తెరిచాను. స్టేటస్ అడిగితే అంతా బాగానే నడుస్తోందని పచ్చటి అక్షరాలు. ఆమె తాళం తీసి లోపలికి నడిచింది. తెర మీద కొత్త లైను పడింది. ఫోన్ కలిసింది. టైము పదకొండున్నర.

బయట కోళ్లు గూటికి చేరుతున్నాయి.

"గీ డబ్బా ఏ ఊరి టైము చెప్తది బిడ్డా?" అంది అత్తమ్మ.

"ఇంగ్లండు టైము, అత్తమ్మా."

మనకంటే ఐదున్నర గంటలు వెనక. కొన్ననాటి నుంచి ఆ కంప్యూటర్ గడియారం మార్చనే లేదు. ఆఫీసులో కొత్తవాళ్లకు మొదటిరోజు నేను గంభీరంగా చెప్పే పాఠం ఏమిటో తెలుసా? లాగ్ చదివే ముందు గడియారం ఏ దేశానిదో చూసుకోమని!

అత్తమ్మ నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది. సుజాత నవ్వలేదు. దానిమ్మపళ్ల సంచిని చూసింది, నన్ను చూసింది.

"పండుగకు రమ్మంటే లీవు లేదన్నవ్. నాకు జరమొస్తే లీవు లేదన్నవ్. నిన్ను ఇంటికి రప్పియ్యాలంటే నాకు కడుపు రావాల్నా?"

అత్తమ్మ సాక్షిగా, నల్లతెర సాక్షిగా అక్కడే ప్రమాణం చేశాను: ఇకమీదట ఏ లాగూ చూసి ఆ ఇంటికి బయల్దేరను. ఏ విశేషమూ లేకపోయినా బయల్దేరతాను.