అడగకుండా మారిపోయే గడి

ఒక్క వాక్యం ఇన్నేళ్లుగా నన్ను వదలడం లేదు. అందులో అబద్ధం లేదు. అదే నా చిరాకు. అబద్ధమైతే ఎప్పుడో ఒప్పేసుకుని ఉండేవాణ్ణి. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

కరోనా కాలంలో సూరత్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. బమ్రోలి దగ్గర ఒక బట్టల మిల్లుకు, గేటు దగ్గర కార్మికుల టెంపరేచర్ చూసి ట్యాబ్‌లో ఎక్కించే అప్లికేషన్ రాశాను. మనిషికొక వరుస: పేరు, ఇంటి ఫోన్ నంబరు, ఆ రోజు టెంపరేచర్. మామూలుగా ఇలాంటి చోట మార్చడానికి ఒక బటన్, సేవ్ చేయడానికి ఒక బటన్ ఉంటాయి. నేను రెండూ తీసేశాను. ఏ గడిని తాకితే అది తెరుచుకుంటుంది. టైపు చేసి పక్కకు వెళితే దానంతట అదే సేవ్ అవుతుంది. ఎవరి లాగిన్‌తో మారిందో నమోదవుతుంది కానీ, అంతకుముందు అక్కడ ఏముండేదో ఎక్కడా మిగలదు. ఎంత సులువు చేశానని మురిసిపోయాను. పరీక్షించేటప్పుడు నా వేలే పక్క గడికి తగిలి ఒక నంబరు చెరిగిపోయింది. చూశాను. అలవాటైపోతుందిలే అనుకున్నాను. ఎవరికి అలవాటు కావాలి? ఆ ప్రశ్న వేసుకోలేదు.

గేటు దగ్గర కూర్చునేది సులోచనక్క. సూరత్‌లోనే గోడాదరాలో ఉండే తెలంగాణ మగ్గాల కుటుంబం ఆమెది. "నీ తెలుగు రేడియోల వార్తలు సదివినట్టుంటది తమ్మీ" అని నన్ను ఆటపట్టించేది. శానిటైజర్ తడి ఆరని వేళ్లతో, తోసుకొచ్చే వరుసను ఆపుకుంటూ అంకెలు కొట్టేది.

ఒడిశా నుంచి వచ్చిన ఒక కార్మికుడు ఆస్పత్రిలో చనిపోయాడు. గదిలో అతనితో ఉండేవాళ్లు అప్పటికే ఊళ్లకు వెళ్లిపోయారు. ఇంటికి చెబుదామని చూస్తే, ఫోన్ నంబరు గడిలో 97 అని మాత్రమే ఉంది. ఏదో ఒక ఉదయం అతని టెంపరేచర్ అందులో పడింది. ఇంటివాళ్లు లేకుండానే దహనం జరిగిపోయింది. ఆ తర్వాత అతని భార్య మిల్లుకు ఫోన్ చేసి, ఆయన డ్యూటీలో ఉన్నాడా అని అడిగింది.

మిల్లు యజమాని సేటు మా ఇద్దరినీ పిలిపించాడు. ఆయన నోరు తెరవకముందే అక్క నన్ను అడిగింది.

"నేనే గిట్ల ఒత్తిన్నా తమ్మీ? నాకైతే యాది లేదు. ఎవలు మార్చిన్రో దాంట్ల కనవడ్తదట గదా, జర చూసి చెప్పు."

"మీ పేరు మీదే ఉందక్కా."

"నా పేరు మీదనే ఉందా?"

"ఆ."

"అయితే నేనే ఒత్తి ఉంట."

ట్యాబ్ రోజంతా ఆమె లాగిన్‌తోనే తెరిచి ఉంటుంది. ఇంకెవరి పేరు ఉంటుంది? ఆ మాట చెప్పలేదు. మారే ముందు ఆ గడి ఎవరినీ అడగదని చెప్పలేదు. ఆ రోజే ఆమెను పని మాన్పించారు.

తర్వాత ఎవరికీ చెప్పకుండా రెండు బటన్లూ పెట్టాను. ఆమె స్థానంలో వచ్చినతను ఒక్క నంబరూ చెడగొట్టలేదు. "మనిషికి శ్రద్ధ ఉండాలి, అంతే" అన్నాడు సేటు. నేను తలూపాను. నా తప్పును దిద్దుకున్న పనే ఆమె తప్పుకు సాక్ష్యమైంది.

ఈ మధ్య సులోచనక్క గుండె జబ్బుతో పోయింది. పదోనాడు వెళ్లాను. ఆమె భర్త నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "ఆఖరి దాంక గదే మాట సారూ. ఆ పిలగాని పెండ్లాం కడసారి మొఖం సూడకుంట జేస్తి అని. ఫోన్ల నంబర్ గూడ నన్నే ఒత్తమనేది."

అక్కడే చెప్పాల్సింది. అన్నం తిని వచ్చేశాను. చెబితే ఆయన దుఃఖం తగ్గుతుందా, నా బరువు మాత్రమే తగ్గుతుందా అని దారంతా తర్కించుకున్నాను. అది కూడా తప్పించుకోవడమే.

ఆయనకు ఇంకా చెప్పలేదు. చెబుతానని ఇక్కడ మాట ఇవ్వను. ఇస్తే మీరు నన్ను మంచివాణ్ణి అనుకుంటారు. సులోచనక్క వేలు తగిలింది, అంతే. ఆమె ఏదీ మార్చాలనుకోలేదు. తగిలితే చాలు మారిపోయేలా రాసింది నేను. అలా మారుతుందని ముందే తెలిసినవాణ్ణి కూడా నేనొక్కణ్ణే. రాసేశాను. ఊపిరి కొంచెం ఆడుతోంది. అంతకు మించి ఏమీ లేదు.