అత్తగారి ఒళ్ళో కంప్యూటరు

మొన్న నా ల్యాప్‌టాప్ తెర మీద, కొత్త ఆఫీసు సాఫ్ట్‌వేరు వచ్చింది, వేసుకుంటారా అని ఒక డబ్బా లేచింది. "వేసెయ్యనా అమ్మా?" అని మా అమ్మాయి అడిగితే, వెనకాముందూ చూడకుండా "వద్దు, వద్దు!" అని కేక పెట్టాను. అమ్మాయి నవ్వింది. ఇప్పుడు అన్నీ వాటంతటవే సర్దుకుంటాయట. సర్దుకుంటే మంచిదే. నేను మాత్రం ఒకసారి చేతులు కాల్చుకున్నదాన్ని.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను పి.గన్నవరం పక్క పల్లెలో కొత్త కోడలిని. మా ఆయనకి మస్కట్‌లో ఉద్యోగం. పెళ్ళికి ముందు నేను కొత్తపేటలో డీటీపీ నేర్చుకున్నానని, సెలవుకి వచ్చినప్పుడు అమలాపురంలో ఒక కంప్యూటరు కొని, వీధిగదిలో పెట్టించి వెళ్ళారు. అంబాజీపేటలో ప్రెస్సు నడిపే ఒకాయన శుభలేఖలు, కరపత్రాలు నాచేత కంపోజు చేయించుకుని, మనిషిని పంపి ఫ్లాపీ పట్టుకెళ్ళేవారు. మావగారికి ఇదంతా నచ్చేది కాదు. "ఇంట్లో కూచుని చేసుకునేదే కదా" అని ఊరుకున్నారు. ఇంట్లో కూచోవడం అన్న మాటకి ఆ ఇంట్లో చాలా విలువుండేది. గుడికెళ్ళినా, జాకెట్టు కుట్టించుకోవడానికి వెళ్ళినా నాకు మావగారి తోడు ఉండాల్సిందే. వీధిగదిలో మాత్రం ఫ్యాను గరగరలాడుతూ ఉంటే, అటక మీది కొబ్బరి వాసన పీలుస్తూ, ఎవరి పెళ్ళికో పిలుపు రాస్తూ గంటలు గడిపేదాన్ని. నాకు ఊపిరాడే చోటు అదొక్కటే.

శ్రావణమాసపు పెళ్ళిళ్ళ ముందు, రాజమండ్రిలో చదువుతున్న మా మరిది ఒక సీడీ పట్టుకొచ్చాడు. "ఇది కొత్త ఆఫీసు వదినా. మీ పాతది చూస్తే నవ్వుతారు" అని, నేను వంటింట్లో గారెలు వేస్తూండగానే దాన్ని ఎక్కించేసి, గారెలు తిని, సీడీ జేబులో వేసుకుని సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయాడు. మర్నాడు శుభలేఖ మొదలుపెట్టాను. వరుడి పేరులో ఒత్తు ఎగిరిపోయింది. వధువు పేరులో మొదటి అక్షరం దానంతటదే ఇంకోటైపోయింది. ఇంగ్లీషు తప్పులు దిద్దుతున్నాననుకుని ఆ కొత్త ఆఫీసు నా తెలుగుని దిద్దేస్తోంది! సరే, దాన్ని తీసేద్దామని తీసేశాను. పోతూ పోతూ అది తెలుగు సాఫ్ట్‌వేరుకి కావలసిన ఫైలేదో కూడా పట్టుకుపోయింది. ఇక తెలుగు అసలు తెరుచుకోనే లేదు. తెలుగు సీడీ అమలాపురం షాపులో, ఆఫీసు సీడీ రాజమండ్రిలో, నేను ఈ గదిలో.

ఫోను మావగారి పడకకుర్చీ పక్కన ఉండేది. ఆయన వింటూండగానే షాపుకి చేశాను. "ఫోన్లో అవదండి మేడమ్, పెట్టె తెచ్చేయండి" అన్నాడు షాపతను. ప్రెస్సాయన శుక్రవారం లోపల ఇవ్వకపోతే పని ఇంకొకరికి ఇచ్చేస్తానన్నారు. నేను ఫోను పెట్టేశాక మావగారు పేపరు మడిచారు.

"ఇంటి కోడలు పెట్టె మోసుకుని బస్సెక్కుతుందేంటి? అబ్బాయి దసరాలకి వస్తాడు కదా. అందాకా దానిమీద ఓ గుడ్డ కప్పి ఉంచమ్మా."

ఆయన కోప్పడలేదు. కోప్పడితే ఏదో ఒకటి అనగలిగేదాన్నేమో. బయట ఎడతెరిపి లేని వాన. నేను మాటిమాటికీ గదిలోకి వెళ్ళి కంప్యూటరు ఆపి, మళ్ళీ పెట్టి, అదే డబ్బా లేస్తే అదే మీట నొక్కి, అక్కడే కూచునేదాన్ని. మా అత్తగారు గుమ్మం దగ్గర మునగాకు దూస్తూ చూసేవారు. ఏమీ అనేవారు కాదు. ఆవిడ అసలు ఎవరినీ ఏమీ అనేవారు కాదు.

గురువారం పొద్దున్న మావగారు చేలోకి వెళ్ళగానే ఆవిడ ఒక పాత నేతచీర తెచ్చి మంచం మీద పరిచారు. "ఆ తీగలు ఊడదియ్యమ్మా" అన్నారు.

"అత్తయ్యగారూ, మావయ్యగారు..."

"ఆయనకి నేను చెప్పుకుంటాను. నువ్వు తీగలు ఊడదియ్యి."

బస్సులో ఆ చీరలో చుట్టిన పెట్టెని నా చేతికివ్వకుండా తన ఒళ్ళోనే పెట్టుకున్నారు. అంబాజీపేటలో కొబ్బరిలారీలు అడ్డంపడి బస్సు ఆగిపోయింది. కిటికీలోంచి జల్లు కొడుతూంటే చెంగు పెట్టెమీద కప్పి, తను తడుస్తూ కూచున్నారు. కండక్టరు వంగి చూసి, "ఏంటండి మామ్మగారూ, సారె సామానా?" అన్నాడు.

"కాదు బాబూ. మా కోడలి ఉద్యోగం."

ఆ పనిని ఉద్యోగం అన్నవాళ్ళు అంతకుముందు లేరు. నేను గబుక్కున కిటికీ వైపు తిరిగిపోయాను.

షాపతను పెట్టె విప్పి చూసి, "రెండూ ఒకే ఫైలుకోసం కొట్టుకుంటున్నాయండి" అన్నాడు.

"రెండూ ఒకింట్లో ఇమడవా బాబూ?" అని అడిగారు అత్తగారు.

"ఎందుకిమడవండీ! ఆఫీసు సీడీ మా దగ్గరా ఉంది. కొత్తదాన్ని ముందెక్కించి, తెలుగుని తరవాత ఎక్కించాలి. ఆ దిద్దుబాట్లన్నీ ఆపెయ్యాలి. అంతేనండి."

"ఆయ్, అంతేనా! అయితే దిద్దడం మానేస్తే సరిపోద్దన్నమాట" అని ఆవిడ నవ్వారు. అంత బిగ్గరగా నవ్వగా నేను ఎప్పుడూ వినలేదు. మధ్యాహ్నానికి వధూవరుల పేర్లు ఒత్తులతో సహా తెర మీద నిలబడ్డాయి.

తిరిగొచ్చేసరికి మావగారు గొడుగేసుకుని వీధి గుమ్మంలో నిలబడి ఉన్నారు. నేను ఆగిపోయాను. అత్తగారు ఆగనైనా ఆగకుండా, "పనిపడింది, వెళ్ళొచ్చేం. కాళ్ళు కడుక్కోండి, వడ్డిస్తాను" అని లోపలికి నడిచారు. ఆయన గొడుగు ముడిచి, కాళ్ళు కడుక్కున్నారు. మర్నాడు శుభలేఖ ప్రెస్సుకి చేరింది. ఆ తరవాత చాలా ఏళ్ళు, పెట్టెకి ఏ రోగమొచ్చినా నేనే అమలాపురం తీసుకెళ్ళేదాన్ని. "గొడుగు పట్టుకెళ్ళమ్మా" అనేవారు మావగారు.

ఆ రోజు తిరుగు బస్సులో అత్తగారు ఒక మాట అన్నారు. అప్పుడు నేను సగమే విన్నాను, మనసంతా శుభలేఖ మీదే ఉంది. "మీ మావగారు పక్కన లేకుండా నేను బస్సెక్కడం ఇదే మొదలమ్మా" అని, వెనక్కిపోతున్న కొబ్బరితోటల్ని చూస్తూ కూచున్నారు. ఆ ఇంట్లో ఊపిరాడనిది నాకొక్కదానికే అనుకున్న వయసు నాది. ఆవిడ అక్కడ ఎన్నేళ్ళుగా కూచుని ఉన్నారో నాకు తట్టడానికి, నాకూ ఆవిడ వయసు రావలసివచ్చింది.